శక్తియు ప్రసాదమే

విజయవాడకడ కాలువలలోనికి మళ్లిన కృష్ణానీరు తూర్పు డెల్టాలో ఊరూరికి పంచబడుచు సాగి, సముద్రమునకు చేరువనున్న కృత్తివెన్ను ప్రాంతమునకు వచ్చుసరికి సన్నగిల్లిపోవును. అచ్చటి పొలములను శివారు భూములందురు. ఎగువ రైతు తన తూమునకు రావలసిన వంతు నీరు తీసికొని తక్కినది దిగువకు వదలినచో శివారు చేను పండును. అతడు రాత్రివేళ కాలువకు అడ్డుకట్ట వేసి తన మడిని మోకాలిలోతు నింపుకొనినచో శివారు చేను నెర్రెలు విచ్చును. ఆ ఎగువ రైతు స్వభావముచేత దొంగ కాడు. ఆ నీరు తన గట్టు ప్రక్కనుండియే పోవుటను పుట్టినది మొదలు చూచినవాడు. కావున అది తనదే యని అనుకొనుచున్నాడు. నీరు పోవు దారిలో తన పొలమున్నందున నీటికే తాను యజమానినని భ్రమించినాడు.

పిల్లల సామర్థ్యము విషయమున తల్లిదండ్రులకు కలుగు భ్రాంతియు ఇట్టిదే. ఒక పిల్లవానికి లెక్కలు ఇట్టే వచ్చును. ఒక బాలిక ఒకసారి విన్న పద్యమును మరునాడు తప్పులేక అప్పగించును. ఒకని కంఠము శ్రావ్యమైనది. ఇంకొకని చేతిలో కొయ్యముక్క బొమ్మ యగును. ఇది కనిపించిన దినముననే ఇంటివారు దానికి వెల కట్టనారంభింతురు. ఏ కళాశాలలో చేర్చిన ఏ ర్యాంకు వచ్చును, ఆ ర్యాంకునకు ఏ ఉద్యోగము వచ్చును, ఆ ఉద్యోగమునకు ఎంత కట్నము వచ్చును అను లెక్క పిల్లవానికి మీసము మొలవకముందే పూర్తియగును. ఎకరము పొలమువలె ఆ తెలివియు ఇంటి ఆస్తులలో చేరిపోవును. దానిని పిల్లవాడు సంపాదింపలేదు, తల్లిదండ్రులు కొనలేదు. "దేవుడిచ్చిన తెలివి" అని అందరును నోరార అందురు. ఇచ్చినవాడు ఎందుకిచ్చెనను ప్రశ్న మాత్రము ఎవరికిని తోచదు.

వీరశైవుని ఇంట ఈ ప్రశ్నకు జవాబు వెదకుకొన నక్కరలేదు. ప్రతిదినము విస్తరి ముందే అది చెప్పబడుచున్నది. ఇష్టలింగమునకు అర్పింపనిది అతడు భుజింపడు. అర్పించిన పిమ్మట ఆ అన్నమే ప్రసాదమై తిరిగి వచ్చును. బియ్యము మారలేదు, కూర మారలేదు; ఇది నాదియను భావము మారినది. అష్టావరణములలో ప్రసాదమొకటి. షట్‌స్థలములలో భక్త, మహేశ స్థలముల తరువాతిది ప్రసాదిస్థలము. ఈ ప్రసాదభావమును పెద్దలు అన్నమునకే పరిమితము చేయలేదు. కన్ను చూచునది, చెవి వినునది, చేయి చేయునది యన్నియు అర్పింపవలసినవే యని బోధించిరి. అట్లయినచో పిల్లవాని లెక్కలనేర్పు ఒక్కటి అర్పణమునకు వెలుపల నేల మిగిలిపోవలెను? పిడికెడు అన్నము విషయమున ఇంత నియమము పాటించు గృహస్థు, బుద్ధిని మాత్రము అనర్పితముగా అనుభవింపవచ్చునని కుమారునకు నేర్పుచుండుట వింత.

లింగమునకు అన్నము చూపవచ్చును, లెక్కలనేర్పును చూపుటెట్లు? దీనికి బసవేశ్వరుని కాలపు శరణులు ఇచ్చిన సమాధానము జంగమము. కదలి తిరుగు మనుష్యుని రూపమున శివుడు గుమ్మము ముందు నిలిచినప్పుడు, కాయకము చేత సంపాదించినది అతనికి సమర్పించుట దాసోహము. దానమునకును దాసోహమునకును చాల భేదమున్నది. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. పుచ్చుకొనుటకు వచ్చినందుకు ఎదుటివానికి అతడు ఋణపడును. పిల్లలకు సేవను నేర్పుచోట ఈ భేదమును మరచుట చేతనే చాల కీడు జరుగుచున్నది. "నీవు తెలివిగలవాడవు, పాపము వాడు మందుడు, వానికి సాయము చేయుము" అని చెప్పినచో పిల్లవాడు సేవకంటె ముందుగా అహంకారమును నేర్చుకొనును. ఆ అహంకారము పెద్దయైన పిమ్మట పేరు చెక్కిన శిలాఫలకముల రూపమున బయటపడును.

"ముందు పిల్లవాడు తన కాళ్లపై తాను నిలువనిండు, సేవ తరువాత చేయవచ్చును" అని తల్లిదండ్రులందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. డెల్టా చివరి బ్రతుకు తెలిసినవారు దీనిని వట్టి స్వార్థమనరు. తుపాను వచ్చినచో చేను పోవును. ఉప్పునీరు పైకెగసినచో త్రాగునీటికే కటకట. రొయ్యల చెరువునకు తెగులు సోకినచో ఒక్క పంటకాలములో అప్పు నెత్తికెక్కును. అట్టి ఇంట పుట్టిన తెలివిగల పిల్లవాడు ఆ కుటుంబమును గట్టు చేర్చు పడవవంటివాడు. ఆ పడవలో ఊరివారిని గూడ ఎక్కించుకొమ్మనుట కటువుగా తోచును.

అయినను ఆ "ముందు" అను మాటకు తుది కనిపించదు. ముందు పదవతరగతి, ముందు ఇంటరు, ముందు ఉద్యోగము, ముందు పట్టణమున ఇల్లు, ముందు తన పిల్లల చదువు. ఇరువదియైదేండ్లు తెలివి తన కొరకేయని నేర్చిన చేయి ఇరువదియాఱవ ఏట దానంతట అది తెరచుకొనదు. ముగ్గు వేయుట, ఈత, లింగపూజ చిన్ననాడే అలవడవలెనని ఒప్పుకొను పెద్దలు ఈ ఒక్కదానిని మాత్రము ఉద్యోగము వచ్చిన తరువాతకు వాయిదా వేయుచున్నారు.

కృత్తివెన్నుకు అవతల ఉప్పుటేరు దాటి పోయినచో భీమవరము. 1895లో అచ్చట జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చరిత్ర ఈ సందర్భమున తలచుకొనదగినది. పదుమూడేండ్ల వయసున ఆయన కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచెను. తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించి చదువులో నిలిపెను. కొంతకాలమునకు చెన్నపట్టణమున అదే పిల్లవాడు రామకృష్ణ మఠమున సన్న్యాసి కావలెనని కోరెను. తల్లి దానికిని అంగీకరింపలేదు. ధనము వెంట పరుగెత్తుటకు ఒప్పని తల్లి, లోకమును విడిచి పోవుటకును ఒప్పలేదు. ఆ రెంటి నడుమ మిగిలిన దారి వైద్యము. ఆయన వైద్యకళాశాలలో చేరెను. స్ప్రూ అను జీర్ణరోగము తోబుట్టువును కబళించుట చూచెను. పిమ్మట అమెరికాకు పోయెను. ప్రయాణపు ఖర్చునకు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థయు తోడ్పడిరి. ఓడవ్యాపారమున గడించిన ధనమును సత్యలింగనాయకరు ధర్మమునకు విడిచినందున భీమవరపు పిల్లవాని తెలివికి దారి దొరకినది. ఒకని శక్తి ఇంకొకని శక్తికి కాలువ యగుట ఇట్లు.

తరువాతి కథ వైద్యశాస్త్రమునకు తెలిసినది. లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వమున పనిచేసినవారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసిరి. స్ప్రూ రోగమునకు అది ఔషధమయ్యెను. పసిపిల్లల రక్తపు కాన్సరునకు తొలిసారి కొంత ఉపశమనము చూపిన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ అచ్చటివే. కాని డెల్టావాసులు మరువరానిది వేరొకటి. బోదకాలు ఈ నేలకు అనాదిగా పట్టిన పీడ. మురుగునీరు, దోమ, వరిచేను కలిసియుండుచోట అది తప్పదని జనులు నమ్మియుండిరి. కాలు వాచినవానికి పెండ్లి కాదు, పని దొరకదు, నలుగురిలో కూర్చుండుటకు మొగము చెల్లదు. ఆ రోగమును కలిగించు క్రిములపై పనిచేయు డైఇథైల్ కార్బమజైన్ 1947లో సుబ్బారావు పరిశోధనాలయమునుండియే వెలువడెను. 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమునందును, 2004 తరువాత ఇంటింట మాత్రలు పంచిన కార్యక్రమమునందును ఇచ్చినది ఆ మందే. దానిని మ్రింగిన కూలివానికి అది ఉప్పుటేరు అవతలి ఊరివాని బుద్ధినుండి పుట్టినదని తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు.

సుబ్బారావు 1948 ఆగష్టులో న్యూయార్కునందు మరణించెను. భీమవరమునకు మరల రాలేదు. ఈనాడు గుడివాడ, మచిలీపట్టణ ప్రాంతములనుండి విదేశములకు పోవు యువకులను "ఊరిని మరచినారు" అని నిందించువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. సేవకు దూరము అడ్డు కాదు. ఇంటనుండుటయు సేవ కాదు. అయితే ఇంకొకటియు చెప్పవలెను. ఆయన భార్య శేషగిరి పాతికేండ్లు ఇంట వేచియుండెను. పరుల కొరకు బ్రతికినవారి కథలు చెప్పునప్పుడు వారి ఇంటివారు చెల్లించిన మూల్యమును దాచిపెట్టుట న్యాయము కాదు. పిల్లలు తెలివిగలవారు, దాచినదానిని కనిపెట్టుదురు.

అందరి పిల్లలును సుబ్బారావులు కారు. ఇచ్చట రెండవ పొరపాటు ఎదురగును. దైవదత్తమైన సామర్థ్యమనగానే పుస్తకపు తెలివి యొక్కటే పెద్దల మనస్సునకు వచ్చును. కల్యాణపు అనుభవమంటపమున కూర్చున్నవారెవరు? మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాడు పేనెను. చందయ్య గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడినదనియు, కాయకమునకు భంగము కలుగునని అతడు దానిని తీసికొనక సాగిపోయెననియు, లింగమే అతని వెంటబడినదనియు శరణుల కథలలో ఉన్నది. పని యెంత పవిత్రమో చెప్పుటకు ఇంతకంటె సాహసముతో కూడిన కథ వేరొకటి యుండదు. ఆ మంటపమున ఎవని కాయకమునకును ఎక్కువ మార్కులు లేవు.

కృత్తివెన్ను తీరమున సముద్రపు పోటుపాటులు, గాలి తిరుగుట, ఏ నీటిలో ఏ చేప తిరుగునో ఎరిగిన పన్నెండేండ్ల పిల్లవాడు పాఠశాలలో చివరి బల్లపై కూర్చుండును. ఎక్కములు రావు కనుక వాడు మందుడని వ్రాయబడును. చినిగిన వలకు కన్ను తప్పక అల్లిక వేయగల బాలిక చేతివ్రాత బాగులేదని తిట్లు తినును. ఇట్టి పిల్లలకు సేవను గూర్చి చెప్పుటకు ముందు, "నీయొద్ద ఇచ్చుటకు తగినది కలదు" అని చెప్పవలసియున్నది. తనయొద్ద ఏమియు లేదని నమ్మినవాడు దేనిని అర్పించును?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ప్రాణము కోల్పోయినవారు ప్రభుత్వపు లెక్క ప్రకారమే పది వేలకు దరిదాపుగా నుండిరి. అంతకంటె చాల ఎక్కువయని జనుల నమ్మకము. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయెను. తాటిచెట్లను కరచుకొని రాత్రి గడిపినవారు బ్రతికిరి. ఆ తరువాతి దినములలో అచ్చట కావలసిన విద్యలెట్టివి? పడవ నడుపుట, చెట్టెక్కుట, నూరుమందికి గంజి కాచుట, కళేబరములను తీసి సంస్కారము చేయుట, పోయినవారి పేర్లు అడిగి వ్రాసికొనుట, ఒంటరిగా మిగిలిన బిడ్డను ఒడిలో పెట్టుకొని మాటలు చెప్పుట. చదివినవాడును, చదువనివాడును తన చేత నున్నది ఇచ్చినప్పుడే ఆ సీమ తిరిగి లేచినది. ఎవని నేర్పు గొప్పదను ప్రశ్న ఆ బురదలో ఎవరికిని తోచియుండదు.

నేర్పు అను మాట ఇచ్చట గమనింపదగినది. మంచి మనస్సు చాలునని చాలమంది తలంతురు. ఈత రానివాని దయ మునుగువానికి పనికిరాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు ఈ సత్యమును గుర్తించిరి. దేశసేవకు యువకులను సిద్ధపరచుటయే వారి ఆశయము. అయినను వారు దేశసేవను ఒక పాఠముగా పెట్టి వల్లె వేయింపలేదు. చదువుతోపాటు చేతిపనులు పెట్టిరి. మగ్గము, వడ్రంగము, చిత్రలేఖనము పెట్టిరి. చేతకానివాడు ఎవనికిని సేవకుడు కాజాలడనియు, పని నేర్చిన చేయి తనంతట తాను ఎదుటివానికి ఉపయోగపడుననియు వారి నమ్మకము కాబోలు. హనుమంతరావుగారు ఆ కళాశాల కొరకే జీవితమును ధారపోసి 1922లో కన్నుమూసిరి. పట్టాభిగారు ఆ మరుసటి ఏట అదే పట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. వైద్యము చదివినవాడు రైతుల డబ్బును గూర్చి ఆలోచించుటయు దైవదత్తమైన బుద్ధిని మళ్లించుటయే. ఈ కాలమున కొన్నిచోట్ల పిల్లల చేతికి చీపురులిచ్చి, ఛాయాచిత్రము తీయించి, చీపురులను తిరిగి తీసికొను సేవాదినములు జరుగుచున్నవి. వాటివలన పిల్లలు నేర్చునది ఛాయాచిత్రమునకు నిలుచుట మాత్రమే.

తరగతిలో చురుకైన పిల్లవానిని ఉపాధ్యాయుడు ప్రక్కవానికి భాగహారము చెప్పుమనుట ఉన్నది. మరునాడు తండ్రి వచ్చి, "మావాని సమయము వృథా యగుచున్నది, వాడు పోటీపరీక్షకు చదువుకొనవలెను" అని ఆక్షేపించుటయు ఉన్నది. ఆ తండ్రికి పాల్కురికి సోమనాథుని గూర్చి చెప్పవలెను. ఆయన సంస్కృతమున భాష్యము వ్రాయగలవాడు. వృత్తములలో శతకము చెప్పగలవాడు. అంతటి పండితుడు బసవపురాణమును జానుతెనుగున, ద్విపదలో, చదువురానివారును కూడి పాడుకొనునట్లు రచించెను. పండితులు మెచ్చు మార్గమును విడిచి జనులకు అందు మార్గమును పట్టుటచేత ఆయన పాండిత్యము తరిగినదా? భాగహారమును మరియొకనికి బోధపడునట్లు చెప్పవలెనన్నచో తాను దానిని మూడు విధముల ఆలోచింపవలెను. మూడవ విధమున ఆలోచించునప్పుడే తనకు అది నిజముగా వచ్చును. కాని ఈ లాభమును చూపి తండ్రిని ఒప్పించుట కొంత మోసమే. లాభము లేకపోయినను చెప్పవలసినదే. ప్రక్కవానికి రాలేదు, తనకు వచ్చును, అంతకంటె కారణము అక్కరలేదు.

గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, సంగీతము నేర్వవలెనని విజయనగరమునకు పోయెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు జీతము పుచ్చుకొనక నేర్పిరి. కడుపునకు మధుకరము. ఆ వీధుల గృహిణులు వేసిన కబళములు లేనిచో ఆ కంఠము తెలుగునాటికి దక్కెడిది కాదు. ఆ గృహిణులయొద్ద నున్న విద్య వంట మాత్రమే. దాసోహభావమును పిల్లవాడు ఉపన్యాసమువలన నేర్వడు. ఒకప్పుడు తాను జోలె పట్టి నిలిచినందున నేర్చును. తనకు ఎవరెవరు ఉచితముగా ఏమేమి యిచ్చిరో పిల్లవానికి అప్పుడప్పుడు చెప్పుచుండుట పెద్దల విధి. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమారస్వామివారు 2019లో లింగైక్యమగువరకు కులభేదము లేక వేలాది పిల్లలకు అన్నము, ఆశ్రయము, అక్షరము నొసగిరి. అచ్చట అక్షరమును దాసోహమే. ఆ పంక్తిలో కూర్చుండి తిన్న పిల్లవానికి వేరుగా నీతిపాఠము కావలెనా?

బసవపురాణమున గొడగూచి యను బాలిక కథ కలదు. తండ్రి ఊరికి పోవుచు, దినదినము శివునకు పాలు సమర్పింపుమని చెప్పెను. బాలిక పాలు తీసికొనిపోయి శివుని త్రాగుమనెను. లింగము త్రాగలేదు. తనవలన ఏ తప్పు జరిగినదోయని ఆమె ఏడ్చెను, బ్రతిమాలెను. శివుడు త్రాగెను. తండ్రి తిరిగి వచ్చి, పాలేవియని యడిగి, శివుడు త్రాగెనన్న మాటను నమ్మక కూతురిని కోపించెను. ఈ కథను భక్తి మహిమకు చెప్పుదురు. తల్లిదండ్రులు వేరొక విధముగ వినవలెను. శివునకు పాలు పోయుమని చెప్పినవాడు తండ్రియే. శివుడు త్రాగునని నమ్మనివాడును తండ్రియే. పిల్ల మాత్రము చెప్పిన మాటను చెప్పినట్లు నమ్మినది. "పరులకు ఉపయోగపడుము" అని గోడపై వ్రాయించిన ఇంట, ప్రక్కింటి అవ్వ పింఛను అర్జీ వ్రాయింపుమని వచ్చినప్పుడు "పిల్లవాడు చదువుకొనుచున్నాడు, రేపు రమ్ము" అని తండ్రియే పంపివేయును. పిల్లవాడు లోపలి గదిలోనుండి వినుచునే యుండును. ఏది నిజమైన పాఠమో వానికి అప్పుడు తెలియును.

అవ్వకు అర్జీ వ్రాయుట, మందుమాత్రల పేరు చదివి ఏ పూటకు ఏదో చెప్పుట, సెల్‌ఫోనులో దూరదేశపు కుమారునితో మాట కలుపుట, చంటిబిడ్డను గంటసేపు ఎత్తుకొనుట. ఇవి చిన్నపనులు. కాని ఇవి నటన కావు. ఎదుటివారికి నిజముగా కావలసినవి. తాను వ్రాసిన అర్జీవలన అవ్వకు పింఛను వచ్చినదని తెలిసిన దినమున పిల్లవానికి తన చేతివ్రాత అర్థమగును.

దీనికొక హద్దును ఉన్నది. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చి జంగమదాసోహము చేయువాడు. ఒకనాడు ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ, ఇంతటి ఆశ యెందుకని మందలించి, మిగిలినది ఎచ్చటినుండి తెచ్చెనో అచ్చటనే పోసి రమ్మని పంపెను. దాసోహము కొరకే తెచ్చిన బియ్యము. అయినను ఆమె ఒప్పుకొనలేదు. సేవలోను దురాశ యుండునని ఆ ఇల్లాలు ఎరుగును. పిల్లల విషయమున పెద్దలు ఈ దురాశకు లోనగుచున్నారు. బాగుగా పాడు బాలికను ప్రతి సభకును తీసికొనిపోయి గొంతు బొంగురుపోవువరకు పాడించుట సేవ కాదు. సేవయను పేరుతో పిల్లలచేత ఇంటిలోగాని, బడిలోగాని, మఠమునగాని ఊరక చాకిరి చేయించుకొనుట అంతకంటె అన్యాయము. ఆడుకొనవలసిన పొద్దును ఆటకు విడిచి, మిగిలినదానిలో పిడికెడు అర్పణ చాలును. ఆడపిల్ల విషయమున ఈ హెచ్చరిక రెట్టింపు అవసరము; సేవ యనగానే అంట్లు ఆమెకును, పొగడ్త అన్నకును చేరుట ఈ నేలపై పాత అలవాటు.

తల్లిదండ్రులు పైకి అనని భయము ఇంకొకటి కలదు. తమ బిడ్డ అందరికిని ఇచ్చి తుదకు తాను ఏమియు లేనివాడై మిగిలిపోవునేమో. ఈ భయమునకు ఆధారము లేకపోలేదు. మచిలీపట్టణమునకు చేరువనున్న భట్లపెనుమఱ్ఱులో 1876లో జన్మించిన పింగళి వెంకయ్యగారికి దైవము పెక్కు శక్తులనిచ్చెను. భాషలు నేర్చిరి; జపానుభాషలో మాటలాడగల్గి జపాన్ వెంకయ్య అనిపించుకొనిరి. ప్రత్తిపై ప్రయోగములు చేసి పత్తి వెంకయ్య యైరి. భూగర్భశాస్త్రము నెరిగి వజ్రాల వెంకయ్య యైరి. జాతీయ కళాశాలలో బోధించిరి. 1916లో జాతీయపతాకమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. 1921లో బెజవాడలో గాంధీగారికి తాము కల్పించిన పతాకమును చూపిరి. 1947 జూలై 22న రాజ్యాంగసభ అంగీకరించిన త్రివర్ణపతాకమునకు మూలము అదే. ఇన్ని నేర్పులలో ఒక్కదానిని తన ఇంటికి మళ్లించుకొన్నను సుఖముగా నుండెడివారు. 1963లో బీదరికముననే మరణించిరి. వారి చిత్రముతో తపాలాబిళ్ల వెలువడినది 2009లో.

ఈ చరిత్రను పిల్లలకు దాచరాదు. త్యాగమని మెచ్చి ఊరకుండుటయు సరికాదు. ఇచ్చినవాడు తన ధర్మము నెరవేర్చెను. పుచ్చుకొనినవారు తమది నెరవేర్చలేదు. శరణుల కాయకదాసోహములలో ఇచ్చువానికెంత నియమమో, ఆ పంక్తిలో తిన్నవానికిని అంత నియమమున్నది. ఉచితముగా పాఠము చెప్పిన పంతులు ముసలితనమున మందులకు చేయి చాచుచున్నాడా, ఊరందరికి కట్టు కట్టిన నాటువైద్యుని మనుమరాలు బడి మానినదా, ఉప్పెనలో పడవ నడిపినవాని కుటుంబమునకు ఇల్లున్నదా యని సంఘము, మఠములు విచారింపవలెను. అట్టి విచారణ జరుగు ఊరిలో తండ్రి తన కుమారునితో "వెళ్లి అవ్వకు అర్జీ వ్రాసి రమ్ము" అని చెప్పుటకు జంకడు. జరుగని ఊరిలో అతడు జంకినచో అతనినొక్కనిని తప్పుపట్టుట ఎట్లు?